తేలియా రుమాలు, వెండి రూపాయి, మా పాప

నా వృత్తి ఏమిటని అడిగే బంధువులకు ఒక్క మాటలో సమాధానం చెప్పడం ఈనాటికీ నాకు సాధ్యపడలేదు. కుట్టుపని అందామంటే కుట్టేది నేను కాదు. అలంకరణ అంటే వెంటనే బ్యూటీ పార్లర్ అనుకుంటారు. దుకాణమూ కాదు. పెళ్ళివారింటికి వెళ్ళి, బీరువాలోని పాత దుస్తులనూ కొత్తగా కొన్న వాటినీ మంచం మీద పరిపించి, ఏ కుర్తా మీదికి ఏ దుపట్టా నప్పుతుందో, నానీగారి కాలపు ఖడా దుపట్టా అంచును విప్పి కొత్త వస్త్రానికి ఎలా అతికించవచ్చో నిర్ణయించడం నా పనిలో సగం. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటలలోని వస్త్ర దుకాణాలవారు తమ సరుకును ఫొటోలు తీయించుకునేటప్పుడు బొమ్మలకు చీరలు చుట్టి, కుచ్చెళ్ళు సరిచేసి, వెనుక ఏ రంగు తెర ఉండాలో చెప్పడం మిగతా సగం. దీనిని స్టైలింగ్ అంటారు. "బట్టలు సర్దితే డబ్బులిస్తారా?" అని మా అత్తగారి అక్కగారు ఆశ్చర్యపోయారు. ఇస్తారు. కాకపోతే ఆలస్యంగా ఇస్తారు.

ఈ పనికి పాత వస్త్రమే పాఠ్యపుస్తకం. కొత్త బట్టను చూసి రంగు నేర్చుకోవచ్చు గానీ నేత నేర్చుకోలేము. అందువల్ల వారానికి ఒకసారైనా పాత బట్టలు, పాత గుండీలు, తెగిన జరీ అంచులు దొరికే చోట్లకు వెళ్ళడం నాకు అలవాటు. నా ఐదేళ్ళ కూతురు దీనికి 'ఖజానా' అని పేరు పెట్టింది. "అమ్మీ, ఈ ఆదివారం ఖజానాకు పోదామా?" అంటుంది. మా ఇంట్లో ఉర్దూ, తెలుగు రెండూ నడుస్తాయి. మా పుట్టిల్లు నల్లగొండ కావడం వల్ల నా తెలుగులో ఆ ఊరి యాస ఉంటుంది. దాన్ని పాప అచ్చంగా అనుకరించి వాళ్ళ దాదీని నవ్విస్తుంది.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్ ప్రధాన రహదారి వెనుక సందులో. మా అమ్మగారిల్లు ఎల్బీ నగర్‌లో. నల్లగొండ, సూర్యాపేటల నుంచి నగరానికి వచ్చినవారిలో చాలామంది ఎల్బీ నగర్‌లోనే దిగి అక్కడే ఆగిపోయారు. మా నాన్నగారూ అంతే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైంది. నా ఉపాధి ఆ రైలు మీదే నిలబడిందంటే అతిశయోక్తి కాదు. దిల్‌సుఖ్‌నగర్ తరువాత చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తరువాత ఎల్బీ నగర్. మూడో స్టేషన్‌కు నా బిడ్డ వాళ్ళ నానీ దగ్గర ఉంటుంది. నేను తిరుగు రైలెక్కి మళ్ళీ పనిలో ఉంటాను. దారిలో విక్టోరియా మెమోరియల్ అన్న పేరు వినబడినప్పుడల్లా ఇది ఎవరి ఇల్లని పాప అడిగేది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కట్టించిన మహలు అది, తరువాత అనాథ పిల్లల వసతిగృహమైంది అని చెప్పాను. "అయితే రాజుగారి ఇల్లు పిల్లలకు ఇచ్చేశారన్నమాట" అని తేల్చింది. అంతకంటే మంచి వివరణ నా దగ్గర లేదు.

పనినీ బిడ్డనూ ఎలా సమతుల్యం చేస్తున్నావని తోటి సోదరీమణులు అడుగుతుంటారు. సమతుల్యం అనే మాట నాకు అంతగా నచ్చదు. త్రాసు రెండు పళ్ళాలూ సమానంగా నిలిచిన రోజు నా జీవితంలో ఇంతవరకు లేదు. పెళ్ళిళ్ళ కాలంలో పనివైపు వంగుతుంది. పాపకు జ్వరం వచ్చిన వారం పూర్తిగా ఇటు ఒరిగిపోతుంది. నేను చేయగలిగిందల్లా దినాన్ని నమాజు వేళలతో పంచుకోవడం. ఫజర్ తరువాత పాప నిద్ర లేచేవరకు రెండు గంటలు నావి. రంగుల జాబితాలు, లెక్కలు, ఫోన్‌లో ఫొటోలు చూసి ఎంచడం అప్పుడే. తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు దుకాణాల పని. ఒంటిగంటకు బడి వదులుతారు. అసర్ తరువాత బయటి పని ఒప్పుకోనని ముందే చెబుతాను. ఈ ఒక్క షరతు వల్ల చేజారిన పనులు కొన్ని ఉన్నాయి. నగరం ఆ చివర, జూబ్లీహిల్స్ వైపు నుంచి, చిత్రీకరణల దుస్తుల పనికి రమ్మని ఒకరు పిలిచారు. నెలకు నేను సంపాదించే దానికి మూడింతలు. చిత్రీకరణ ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేమన్నారు. ఎప్పుడు ముగుస్తుందో తెలియని పనిలో బిడ్డ నిద్రపోయే వేళ ఉండదు. మా ఆయనతో మాట్లాడి వద్దన్నాము.

పాపను పనికి తీసుకువెళ్ళే రోజులూ ఉన్నాయి. గుండుసూదులున్న చోట చిన్నపిల్ల ఉండకూడదు కాబట్టి పిన్నీసులూ సూదులూ ఒక మూత బిగించిన డబ్బాలో, గుండీలు వేరే డబ్బాలో పెట్టాను. గుండీల డబ్బా తనది. సీపు గుండీలు, కొమ్ము గుండీలు, షేర్వానీ మీదివి, ఇత్తడివి అని వేరుచేస్తూ గంటసేపు కదలకుండా కూర్చుంటుంది. ఒకసారి బొమ్మ నడుముపై భాగాన్ని ఆటోలో నిలబెట్టి తీసుకువెళుతుంటే, దానికి దుపట్టా కప్పాల్సిందేనని పట్టుబట్టింది. కప్పాము. ఆటో అతను చైతన్యపురి దాటేవరకు నవ్వుతూనే ఉన్నాడు. ఫొటోల వెనుక పెట్టడానికి పాత చెక్క పెట్టెలు కావాలంటే కొత్తపేటలోని పండ్ల మార్కెట్‌కే వెళ్ళేదాన్ని. మామిడిపండ్ల పెట్టెలు చవకగా దొరికేవి. ఆ మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయింది. ఇప్పుడు ఒక్కో పెట్టెను కళ్ళల్లో పెట్టుకొని చూసుకుంటున్నాను.

ఖజానా సంగతికి వస్తాను. పురానాపూల్ వద్ద గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డలో ఆదివారపు పాత సామాన్ల సంత, ఆబిడ్స్ కాలిబాటల మీది ఆదివారపు పాత పుస్తకాలు నా తిరుగుళ్ళలో ముఖ్యమైనవి. పుస్తకాల మధ్య పాత డిజైన్ల పత్రికలు దొరుకుతాయి. వీటన్నింటికంటే నాకు ఉపయోగపడేది మాత్రం పాత పట్టుచీరలు కొనే వ్యాపారులతో పరిచయం. వీరు చీరను చీరగా కొనరు. అసలు జరీలో పట్టుదారం మీద చుట్టిన వెండి ఉంటుంది, దానిపై బంగారు పూత ఉంటుంది. చీరను కాల్చితే వెండి మిగులుతుంది. ఆ వెండికే ధర. ఎవరో నెలల తరబడి నేసిన కొంగు, ఎవరో నికాహ్ నాడు కట్టుకున్నది, కొద్ది నిమిషాల్లో బూడిదవుతుంది. కాల్చడానికి ముందు నాకొకసారి చూపమని ఇద్దరు వ్యాపారులను బతిమాలి ఒప్పించుకున్నాను. వెండి ధరకు కొంత కలిపి ఇస్తే మంచి అంచును నాకు వదిలేస్తారు.

అలా దొరికినవాటిలో నాకు అత్యంత ఇష్టమైనది ఒక మష్రూ ముక్క. మూరెడు కూడా లేదు. పైన నున్నని పట్టు మెరుస్తుంది. తిరగేస్తే లోపల అంతా నూలు. పురుషులకు స్వచ్ఛమైన పట్టు ధరించడం ధర్మసమ్మతం కాదన్న విషయం మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. శరీరానికి నూలు తగులుతూ పట్టు పైకి మాత్రమే కనిపించేలా నేసిన ఈ వస్త్రానికి అందుకే మష్రూ అని పేరు వచ్చింది. అరబ్బీలో ఆ మాటకు ధర్మం అనుమతించినది అని అర్థం. ధర్మాజ్ఞ ఒకటి నేతగాడి చేతిలో కొత్త నేతగా మారిందన్న సంగతి నాకు పట్టరాని ఆనందాన్నిస్తుంది. పాపకు మాత్రం అది 'లోపల ఒక మాట, బయట ఒక మాట' చెప్పే గుడ్డ. ఈ విమర్శకు నేనింకా జవాబు వెదుకుతున్నాను.

వెండి రూపాయి దొరికింది నాకు కాదు, పాపకు. జుమ్మేరాత్ బజార్ నుంచి తెచ్చిన మూటలో ఒక పాత చూడీదార్ పైజామా ఉంది. దాని మీది గోటా అంచు కోసమే కొన్నాను. నాడా దూర్చే మడతను పాప వేళ్ళతో తడుముతూ, లోపల గుండీ ఉందన్నది. విప్పి చూస్తే రూపాయి. ఒకవైపు చార్మినార్, దాని మధ్య కమానులో చిన్న అక్షరం. పాప అప్పుడే ఖాయిదా చదువుతోంది. "ఐన్!" అని గట్టిగా చదివింది. ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరం అది. 1911 నుంచి 1948 వరకు హైదరాబాద్‌ను ఏలిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు నాణెం. ఏ తల్లో, ఏ అమ్మమ్మో దారిఖర్చుకని, ఆపదలో ఆదుకుంటుందని దాచి కుట్టి ఉంటుంది.

"ఇది మనదేనా?" అని అడిగింది పాప.

పైజామాకు డబ్బిచ్చాను. రూపాయికి ఇవ్వలేదు. దొరికిన సొత్తు విషయంలో దైవప్రవక్త (స) బోధించిన పద్ధతి స్పష్టంగా ఉంది: అది ఉన్న సంచినీ, కట్టిన ముడినీ గుర్తుపెట్టుకోవాలి, ఒక సంవత్సరం పాటు ప్రకటించాలి. మా వీధి మసీదు మౌలానాగారిని మా ఆయన ద్వారా అడిగించాను. ముందు అమ్మినవానికి చెప్పండి, అతనిది కాకపోతే ప్రకటించండి, ఏడాది గడిచాక కూడా ఎవరూ రాకపోతే వాడుకోవచ్చు లేదా దానం చేయవచ్చు, ఆ తరువాత యజమాని వచ్చినా అతని హక్కు అతనికి ఉంటుంది అన్నారు. మరుసటి గురువారం పాపతో కలిసి ఆ వ్యాపారి దగ్గరికే వెళ్ళాము. ఆయన నాణెం చూసి, "నేను మడత విప్పి చూడలేదమ్మా, నాకు తెలియని వస్తువు నాదని ఎలా అనను?" అన్నాడు. మూట యాకుత్‌పురాలో ఇల్లు ఖాళీ చేసినవారి దగ్గర వచ్చిందట. ఏ ఇల్లో గుర్తులేదు. వారు మళ్ళీ కనబడితే అడుగుతానన్నాడు. మేమొక కాగితం రాసి అతని బండికి అంటించాము. అందులో ఒక నాణెం దొరికిందని మాత్రమే ఉంది. ఏ నాణెమో, ఏ రంగు వస్త్రంలో, ఎక్కడ ఉందో రాయలేదు. అవి చెప్పినవారే యజమాని.

రూపాయి గుండీల డబ్బాలో విడిగా ఒక సంచిలో ఉంది. గోడ మీది కేలండర్‌పై నెలవంక కనబడినప్పుడల్లా పాప ఒక గుర్తు పెడుతోంది. ఇప్పటికి ఏడు గుర్తులయ్యాయి. ఇప్పుడైనా మనదేనా అని ప్రతి నెలా అడుగుతుంది. ఇంకా కాదు అంటాను. పెద్దగా నిరాశపడదు. నెలవంక కోసం ఎదురుచూడడానికి తనకు మరో కారణం దొరికింది, అంతే.

అయితే పాత వస్తువుల వేటలో అసలు చిక్కు ఇటువంటి దాచిన సొమ్ముతో రాదు. దాని ధర్మం తెలుస్తూనే ఉంది. కళ్ళెదుట ఉన్న వస్తువుతోనే చిక్కు వస్తుంది. కొనేవారికి దాని విలువ తెలిసి, అమ్మేవారికి తెలియకపోవడమే ఈ వేటలోని లాభం. ఈ రంగంలోని వారు దీనిని నైపుణ్యంగా చెప్పుకుంటారు. మంచి వస్తువు కనబడినప్పుడు ముఖంలో ఏ భావమూ కనిపించనీయకూడదట. పక్కనున్న పనికిరాని వస్తువును ముందు బేరమాడాలట. ఇలాంటి పాఠాలు నాకూ చెప్పారు.

గత శీతాకాలంలో ఒక పెళ్ళి పని ఒప్పుకున్నాను. పెళ్ళికూతురి నానీ ఇంట్లో ఒకప్పుడు తేలియా రుమాలు ఉండేదట. వలీమా నాడు మనుమరాలు తలపై అటువంటి పాత రుమాళ్ళను జతచేసిన ఓఢ్నీ ధరించాలని ఆమె కోరిక. దొరికితేనే మొత్తం పని నాది. బయానాగా ఐదు వేలు ఇచ్చారు.

తేలియా రుమాలు గురించి కొంచెం చెప్పాలి. తేల్ అంటే నూనె. నూలును ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిద నీటిలోనూ నూనెలోనూ మళ్ళీమళ్ళీ నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. అప్పుడే ఎరుపు రంగు దారానికి లోతుగా పడుతుంది. పడుగునూ పేకనూ రెండింటినీ ముందే కట్లు కట్టి రంగులద్ది, నేసేటప్పుడు ఒకదాని గుర్తు మరొకదాని గుర్తు మీద కూర్చునేలా నేస్తారు. అందువల్ల వస్త్రానికి తిరగ, బోర్ల తేడా ఉండదు. ఎరుపు, నలుపు, తెలుపు — మూడే రంగులు. చీరాల నేతగాళ్ళు నేసిన ఈ చదరపు రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్ళేవి. అక్కడ తలపాగాలయ్యేవి. ఎండలో తలను చల్లగా ఉంచుతాయని పేరు. ఇక్కడ మన తీరంలో జాలరులు కూడా కట్టుకునేవారు. ఒకే మగ్గం మీది గుడ్డ ఏడెన్‌లో వర్తకుని తల మీదా, చీరాల ఒడ్డున జాలరి నడుముకూ ఉండేదన్నమాట. ఎన్నేళ్ళయినా ఆ నూనె వాసన పూర్తిగా పోదు.

మూడు నెలలు వెదికాను. ఎక్కడా దొరకలేదు. ఒక ఆదివారం మా అమ్మగారి పక్కింటివారు ఒక వృద్ధురాలి గురించి చెప్పారు. ఎల్బీ నగర్ దాటాక ఒక కాలనీలో ఉంటారట. ఇల్లు ఖాళీ చేసి బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళుతున్నారట. పాత చీరలు ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నారట. పాపను తీసుకొని వెళ్ళాను.

మామ్మగారు చీరలన్నీ వరండాలో పెట్టించారు. తొమ్మిది చీరలు. వాటిలో రెండింటికి అసలు జరీ ఉంది. మొత్తానికి పన్నెండు వందలిస్తే చాలన్నారు. ఆ పక్కనే ఇత్తడి బిందెను చుట్టిన ఎర్రటి గుడ్డ ఒకటి, దాని కింద మరొకటి. వంగి చూస్తే వాసన తగిలింది.

"అవి మా మామగారి పెట్టెలో వచ్చాయి అమ్మాయ్, వాళ్ళది చీరాల. ఏదో వాసన వేస్తాయి. మసిగుడ్డలకు పనికొస్తాయి, ఊరికే పట్టుకుపో" అన్నారామె.

నేను మాట్లాడలేదు. పాప నా ముఖంలోకి చూసింది. తరువాత వాళ్ళ నానీతో చెప్పిందట — ఖజానా దొరికితే అమ్మీ మాట్లాడదు, అప్పుడే మాట్లాడడం మానేసింది, నాకు తెలిసిపోయింది అని. నేను ముఖంలో ఏమీ కనిపించనీయలేదనే అనుకున్నాను. ఐదేళ్ళ పిల్లకు మాత్రం కనిపించింది.

మన ధర్మశాస్త్రంలో ఈ సందర్భానికి సరిపోయే విషయం ఒకటుంది. పల్లెల నుంచి సరుకుతో వచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురువెళ్ళి, వారికి అంగడి ధర తెలియకముందే కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అక్కడ అబద్ధమేదీ ఉండదు. అమ్మేవాడు ఇష్టపడే అమ్ముతాడు. అయినా నిషిద్ధమే. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గురించిన ఉదంతం కూడా పెద్దలు చెప్పగా విన్నాను. ఆయన కోసం సేవకుడు 300 దిర్హములకు ఒక గుర్రాన్ని బేరమాడి తెచ్చాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూసి, ఇది అంతకంటే ఎక్కువ చేస్తుందని యజమానితో తామే చెప్పారు. కొంత పెంచి, మళ్ళీ పెంచి, చివరకు 800 దిర్హములు ఇచ్చి కొన్నారు. తోటివారి మేలు కోరతానని ప్రవక్త (స) చేతిలో చేయి వేసి ప్రమాణం చేసినవారాయన. ఆ వృద్ధురాలు ముస్లిం కాదు. కానీ ఖాళీ అవుతున్న ఇంట్లో నిలబడి, తన పెట్టెలో ఏముందో తనకే తెలియని మనిషి ఏ మతస్థురాలైతే ఏమిటి?

రుమాలును విప్పి ఆమె ఒడిలో పరిచాను. ఇది ఏమిటో, ఎలా నేస్తారో, ఎక్కడికి వెళ్ళేదో నాకు తెలిసినంతవరకు చెప్పాను. నా దగ్గర బయానా ఉందనీ, రెండింటికీ కలిపి పదహారు వేల వరకు ఇప్పించగలననీ చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మామగారి కబుర్లు మొదలుపెట్టారు. ఆయన ఓడరేవులకు బట్టల మూటలు పంపేవారట. తలకు ఇలాంటిదే చుట్టుకొని వరండాలో పేపరు చదివేవారట. కోడలుగా వచ్చిన కొత్తలో ఆ వాసన తనకు పడేది కాదట. గంట గడిచింది. పాప ఆమె పక్కనే మడత మీద నిద్రపోయింది. చివరికి ఆమె, "ఇద్దరు మనుమళ్ళున్నారు అమ్మాయ్, చెరొకటి ఇస్తాను, ఏమనుకోకు" అన్నారు.

ఏమనుకోకుండా ఎలా ఉంటాను? మనసు ఉసూరుమంది. జరీ చీరలను కాల్చేవారు వెండికే ఎంత ఇస్తారో కూడా చెప్పి, తొమ్మిదింటికి నాలుగు వేలు ఇచ్చి వచ్చాను. ఆ రాత్రే పెళ్ళివారికి బయానా తిరిగి ఇచ్చేశాను. దొరికి కూడా తేలేదని విన్న పెళ్ళికూతురి తల్లి గట్టిగానే మాట్లాడారు. మా ఆయన లెక్క చూసి, పాప బడి ఫీజు వచ్చే నెల కడదామన్నారు. ఈ వృత్తిలోనే ఉన్న ఒకామె, "కొన్న తరువాత నాలుగు వేలు ఎక్కువ ఇచ్చి వచ్చేదానివి కదా, ఆమె సంతోషించేది, నీ పనీ అయ్యేది" అన్నది. ఆ సలహా తెలివైనదే. కానీ అప్పుడు ఆమెకు డబ్బు మాత్రమే చేరేది. మామగారు చేరేవారు కాదు.

ఒక మాట స్పష్టం చేయాలి. జుమ్మేరాత్ బజార్‌లో నేను ధర తగ్గించమని అడగనా అంటే అడుగుతాను, గట్టిగానే అడుగుతాను. అక్కడి వ్యాపారికి నాకంటే ఎక్కువ తెలుసు. చాలాసార్లు ఓడిపోయేది నేనే. వర్తకుడితో బేరం వేరు, ఇల్లు విడిచిపోతున్న మామ్మగారి వరండా వేరు.

వారం తిరిగేసరికి పెళ్ళివారింటి నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి మాట్లాడింది నానీగారు. ఆమె మామ్మగారి కథంతా అడిగి విన్నారు. మనుమళ్ళకు ఇస్తానందా అని రెండుసార్లు అడిగారు. పాతది కాకపోతే కొత్తది నేయించలేమా అన్నారు. నేయించవచ్చు. ఎల్బీ నగర్ నుంచి విజయవాడ దారిలో చౌటుప్పల్ వరకు బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి సంస్థాన్ నారాయణపురం వైపు మళ్ళితే పుట్టపాక వస్తుంది. చీరాలలో మొదలైన ఈ నేత ఇప్పుడు ఆ ఊరి మగ్గాల మీదా ఉంది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ కళకు జీవితం ధారపోసిన గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది. మూడు నెలలు పడమర వైపు సంతలన్నీ తిరిగాను. వస్తువు తూర్పున, మా అమ్మగారింటి ముందు నుంచి వెళ్ళే బస్సు దారిలో ఉంది.

బడి సెలవు రోజు చూసుకొని పాపతో వెళ్ళాను. మగ్గం ఉన్న గదిలో అడుగుపెట్టగానే పాప ముక్కు ఎగబీల్చి, "ఆ మామ్మ ఇంటి వాసన" అన్నది. నేతన్న నవ్వి, నూనెలో నానిన నూలు చిలపను దాని చేతికిచ్చారు. చేతులు జిడ్డయ్యాయి, నా కుర్తాకే తుడుచుకుంది. కట్లు కట్టిన పడుగు గోడపొడవునా సాగి ఉంది. ఎక్కడ కట్టు ఉందో అక్కడ తెలుపు మిగులుతుంది, లేనిచోట రంగు ఎక్కుతుంది అని ఆయన చూపారు. నూలు నానబెట్టి ఆరబెట్టడానికే రోజుల తరబడి పడుతుందట. ఎండ సరిగా లేకపోతే ఇంకా ఆలస్యం. రుమాలు లెక్కన కాకుండా ఓఢ్నీ పొడవు మొత్తం ఒకే పడుగు మీద నేయవచ్చన్నారు. గళ్ళ వరుసలు ఎన్ని, అంచు ఎంత వెడల్పు, మధ్యలో ఎరుపు ఎక్కువ ఉండాలా నలుపు ఎక్కువ ఉండాలా అని కాగితం మీద గీసుకుంటూ గంట కూర్చున్నాము. పెళ్ళి షవ్వాల్ నెలలో. అప్పటికి అందుతుందన్నారు.

ఇక ధర అడగబోతుండగా పాప ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది.

"తాతా, ఇది ఎంత ఖరీదో మీకు తెలుసా?"

ఆయన దారం చేతిలో పట్టుకొనే ఆగిపోయారు. "నాకు తెల్వకుంటే ఇంకెవలకు తెలుస్తది బిడ్డా!" అన్నారు.

ధర చెప్పారు. బయానా ఇచ్చి, అసర్ వేళకు చౌటుప్పల్‌లో బస్సు ఎక్కాము.